లాగితే జారే గుడ్డ

"మ్యామ్, మీ స్టాచ్యూ ఆవిష్కరణకి క్లాత్ మీరే తెచ్చుకుంటారా, మేం అరేంజ్ చేయాలా?" అని ఈవెంటు అమ్మాయి ఫోన్ చేసేసరికి నేను ఎలక్ట్రానిక్ సిటీలో నా డెస్కు ముందు కూర్చుని ఒక యోధురాలికి కవచం తొడుగుతున్నాను. మాది వీడియో గేములు చేసే కంపెనీ. మా యోధురాళ్ళ కవచాలు మోచేతుల్నీ మోకాళ్ళనీ మహా పటిష్ఠంగా కాపాడతాయి. గుండె, పొట్ట లాంటి అప్రధానమైన చోట్లను గాలికి వదిలేస్తాయి. దీని వెనక ఉన్న యుద్ధతంత్రం ఏమిటని చేరిన కొత్తలో ఒక మీటింగులో అడిగాను. జవాబు రాలేదు గానీ, ఆ తర్వాత కొన్నాళ్ళు నాకు గుర్రాల పని ఇచ్చారు. గుర్రాలకు మేం నిండుగా కప్పుతాం.

"ఏదో ఒక దుప్పటి వేసెయ్యండి" అన్నాను.

"దుప్పటి వద్దు మ్యామ్. చీఫ్ గెస్ట్ సార్ తాడు లాగగానే సింగిల్ షాట్‌లో జారిపోవాలి. పోయినసారి స్టాచ్యూ ముక్కుకి తగులుకుంది. సార్ చాలాసేపు లాగారు."

బెళ్ళందూరులో ఒక ఆఫీసుల ప్రాంగణం వాళ్ళు తమ తోటలో కొందరు శిల్పుల బొమ్మలు పెట్టాలనుకున్నారు. అందులో నాదొకటి. నిలువెత్తు స్త్రీ బొమ్మ, సిమెంటు పోత, ఒంటి మీద ఏమీ లేదు. ఫోటోలు చూసిన కమిటీలో కొందరు ఇబ్బందిగా కదిలారట గానీ, దరఖాస్తులో ఎవరో "మహిళా సాధికారత" అని రాసి ఉండటంతో కాదనడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. ఆ రెండు మాటలు రాసింది నేనే.

బొమ్మ మా అత్తది. మా నాన్న చెల్లెలు. నా ఎదుట నిలబడి చేయించుకున్న బొమ్మ. ఆ సంగతి అత్తకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. తెలియవలసిన మనిషి ఒకాయన ఉన్నాడు, ఆమెను కట్టుకున్న మామ. ఆయనకు తానే చెప్తానని అత్త అంది. ఆ అనడం కొన్ని నెలలుగా జరుగుతూనే ఉంది.

మా అత్త ఆడపిల్లల హైస్కూల్లో పి.టి. టీచరుగా చేసి రిటైరైంది. ఈల దించింది గానీ గొంతు దించలేదు. పెళ్ళిళ్ళలో జనం పంక్తికి కూర్చోకుండా కబుర్లాడుతుంటే మావాళ్ళు ఇప్పటికీ ఆమెను పంపిస్తారు. పెళ్ళికొడుకు తరఫువాళ్ళు కూడా వరసలో నిలబడతారు.

పీణ్యలో ఒక లేతు మిషన్ల షెడ్డులో మూల స్థలం తీసుకుని సెలవు రోజుల్లో నేను బొమ్మలు చేస్తుంటాను. ఒకసారి అత్త ఆ షెడ్డు చూడటానికి వచ్చింది. అప్పటికి నేను చేసిన ఆడ బొమ్మలన్నీ అక్కడ వరసగా ఉన్నాయి. చేతులు వెనక్కి కట్టుకుని, డ్రిల్లు చూసినట్టుగా, ఒక్కొక్కదాని ముందూ ఆగి చూసింది.

"తలకాయలేవి?"

"ఇవి టోర్సోలు అత్తా. తలా, చేతులూ ఉండవు."

"యాక్సిడెంటా?"

"శైలి."

"సర్కిల్లో నిలబెట్టే పెద్దమనుషుల బొమ్మలకి కోటు, కండ్లద్దాలు, చేతిలో పుస్తకం, అన్నీ ఉంటాయే?"

"వాళ్ళు ఏదో చెప్పినవాళ్ళు కదా" అన్నాను. అన్నాక ఆ మాట నాకే వినబడింది.

నిజానికి ఆ మాట నాది కాదు, నా చదువుది. కాలేజీలో మా శిల్పం మాస్టారు "ముఖం దృష్టిని చెదరగొడుతుంది" అనేవారు. ఎవరి దృష్టిని అని అడగాల్సింది. మేం నోట్సు రాసుకున్నాం. పాత శిల్పాల్లో బట్టల్లేని ఆడవాళ్ళు ఎప్పుడూ ఏదో పనిలో ఉండేవారు. జుట్టు పిండుకుంటూనో, అద్దం చూసుకుంటూనో, కాలి ముల్లు తీసుకుంటూనో, అదీ కాకపోతే నిద్రపోతూనో. చూసేవాడికి మొహమాటం లేకుండా చూపు అటు తిప్పుకొని ఉండేవారు. ఆధునిక శిల్పం వచ్చి ఈ పాతకాలపు పద్ధతిని తిరస్కరించింది. అటు తిరిగి ఉన్న ఆ తలను ఏకంగా తీసేసింది. మిగిలినదాన్ని గులకరాయిలా నున్నగా చేసి పేరు పెట్టింది. పొట్ట ఉంటే 'భూమి', పొట్ట లేకపోతే 'లయ'. మా బ్యాచిలో అందరమూ భూములూ లయలూ చేశాం. నావి బాగున్నాయనేవారు.

మాలో కొందరు అమ్మాయిలు అసలు నగ్నమే చేయకూడదని తీర్మానించుకున్నారు. నాకు అదీ కుదరలేదు. ఆడదాని ఒంటికి కప్పెయ్యడమే పరిష్కారమైతే అది మా మామ కొట్టు సిద్ధాంతం. పేట అనే పాత బజారులో ఆయనకు మ్యాచింగ్ సెంటరు ఉంది. రవిక గుడ్డలూ, లంగాలూ, లైనింగూ, చీర అంచుకు కుట్టే ఫాల్సూ అమ్ముతాడు. నాకు కావలసింది వేరే. బట్టలు లేకుండానే ఒక మనిషి ఫలానా మనిషిగా నిలబడగలదా? నిలబడితే చూసేవాళ్ళకు ఏమవుతుంది?

ఇదంతా షెడ్డులో లేతు మిషన్ల చప్పుడు మధ్య అత్తకు అరిచి చెప్పాను.

"నన్ను చెయ్" అంది. "తలకాయతో చెయ్. లేకుండా చేస్తే ఊరుకోను. వేరే ఎవురి ముఖమో పెట్టినా ఊరుకోను."

"నీకెప్పుడు వద్దనిపిస్తే అప్పుడు ఆపేస్తాను" అని మాటిచ్చాను. "జనం ముందు పెట్టే నిమిషంలో వద్దన్నా సరే."

షెడ్డులో మనుషులు తిరుగుతుంటారని, ఆదివారాలు పొద్దున్నే మా ఇంటికి వచ్చేది. మోకాళ్ళకు నేను నేర్పే వ్యాయామమని మామకు చెప్పింది. పి.టి. టీచరుకు మేనకోడలు వ్యాయామం నేర్పడంలో ఆయనకు వింతేమీ కనబడలేదు. మొదటిరోజు "చేతులు ఎక్కడ పెట్టుకోవాల?" అని అడిగింది. ఎప్పుడూ పెట్టుకునే చోటే అన్నాను. రెండు చేతులూ నడుం మీద పెట్టి, కాళ్ళు కొంచెం ఎడంగా వేసి, ఆలస్యంగా వచ్చిన పిల్లను చూసినట్టు నన్ను చూసింది. ఆ చూపు కింద మట్టి పిసుకుతుంటే బట్టల్లేనిది నాకేనేమో అనిపించేది. మాటిమాటికీ నా చున్నీ సర్దుకునేదాన్ని. చూసేవాళ్ళకు ఏమవుతుందో అప్పుడే అర్థమైంది. బంకమట్టి అయింది, అచ్చు తీశాం, సిమెంటు పోశాం. అన్నీ సక్రమంగా జరిగాయి, మామకు చెప్పడం తప్ప.

"నిన్న మంచి మూడ్‌లో ఉండె. చెడగొట్టేది ఏమిటికని ఊరుకుంటి" అనేది అత్త. ఇంకోసారి, "నిన్న షాపులో ఎవురితోనో గలాటా చేసుకోని బేజారుగా వచ్చినాడు. పైన ఇది గూడ ఏమిటికని ఊరుకుంటి."

"మరి మామకు ఏ మూడ్‌లో చెప్పాలి అత్తా?"

"ఏ మూడూ లేనప్పుడు."

మామ మూడ్ లేకుండా ఉండటం నేనెప్పుడూ చూడలేదు.

గుడ్డ సంగతి నేను అత్తతో అన్నాను. ఆమె భోజనాల దగ్గర అసలు విషయం చెప్పబోయి, ధైర్యం చాలక గుడ్డ సంగతి చెప్పింది. మర్నాడు మామ నాకు ఫోన్ చేశాడు. ఆయన గొంతులో అంత ఉత్సాహం దసరా సేల్‌కు కూడా విని ఎరుగను.

"ఏమి పాపా, నాకు చెప్పేది లేదా? మన బొమ్మకి మన గుడ్డే. జన్మంతా జారని గుడ్డ అమ్మినానప్పా, ఇప్పుడు జారే గుడ్డ అడుగుతా ఉండారు! శాటిన్ వేస్తా. వెన్న మాదిరి జారుతాది. ఎత్తెంత?"

"మనిషంత మామా."

"ఆడదా, మగా?"

"ఆడ బొమ్మే."

"అట్లయితే అంచు ఉండాల. ఏం కట్టుకోని ఉండాది? చీరా, పావడానా? దానికి తగినట్టు రంగు తీస్తా."

"మామా, ఇక్కడ సిగ్నల్ సరిగా లేదు" అన్నాను. సిగ్నల్ దివ్యంగా ఉంది.

ఆవిష్కరణ రోజు వాళ్ళిద్దరినీ ఒకే కారులో ఎక్కించి, దారిలో అత్త చేత చెప్పించాలన్నది నా పథకం. అవుటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో ఒక కాపురం విడిపోయి మళ్ళీ కలవడానికి సరిపడా సమయం దొరుకుతుంది. కానీ మధ్యాహ్నం అత్త ఫోన్ చేసింది.

"ఆయన షాపు నుంచే నేరుగా వస్తాడంట. గుడ్డ తానే వేయాలంట. ఎప్పుడో బయలుదేరినాడు. నేను సిల్క్ బోర్డు దగ్గర ఉండా, ఏదీ కదలడం లేదు."

"చెప్పావా?"

"లేదప్పా."

"ఫోన్‌లో చెప్పెయ్ అత్తా!"

"ఇట్లాంటిది ఫోన్‌లో చెప్పేదా? నేను వచ్చేదాక ఏదో ఒకటి చేసి ఆపు. నువ్వు మాత్రం చెప్పొద్దు. నేనే చెప్పాల."

మాట్లాడుతుండగానే మామ తోటలోకి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చంకలో కొట్టు సంచి, మెడలో టేపు. ఈవెంటు అమ్మాయి ఆయన్ని చూసి ఎంతో సంతోషించింది. ఆ రోజు సమయానికి వచ్చినవాడు ఆయనొక్కడే.

బొమ్మ మీద లారీలో తెచ్చేటప్పుడు చుట్టిన బుడగల ప్లాస్టిక్ ఇంకా అలాగే ఉంది. పైనుంచి కిందిదాకా టేపుతో చుట్టిన పెద్ద పార్సిల్ అది.

"ఫస్ట్ ఆ ప్లాస్టిక్ తీ పాపా. దాని మింద శాటిన్ వేస్తే చిక్కుకుంటాది."

"అత్త వచ్చాక తీద్దాం మామా."

"అత్త వచ్చి ఏం చేస్తాది, ఈల ఊదుతాదా?"

"కాఫీ తాగుదాం రండి."

"పని ముందు, కాఫీ తర్వాత" అంటూ ఆయనే స్టూలు ఎక్కి పైన టేపు ఊడదీశాడు. ఈవెంటు అమ్మాయి సహాయం చేయబోయింది. నేను ఆమెకు అడ్డం వెళ్ళాను. ఆమె నన్ను తప్పుకోమంది.

ముందు నుదురు వచ్చింది, తర్వాత ముఖం. మామ నోరు తెరుచుకుపోయింది.

"అయ్యయ్యో! మీ అత్త గదా! ఆ ముక్కు చూడు, ఆ కోపం చూడు! నాకు చెప్పకుండా ఇంత పని చేస్తిరా మీరిద్దరూ?" ఆయన కళ్ళు తడిశాయి. నేను ఏమైనా అనేలోపే ఫోన్ తీసి ముఖం ఫోటో కొట్టి, ఫ్యామిలీ గ్రూపులో పెట్టేశాడు. కింద 'మా ఇంటామె' అని కూడా రాశాడు. నిమిషంలో ఆయన జేబు టింగు టింగుమని మోగడం మొదలైంది. మా బంధువులు దండాలు పెడుతున్నారు.

ఆ సంబరంలోనే ప్లాస్టిక్ ఇంకొంచెం కిందికి లాగాడు. మెడ, భుజాలు కనబడ్డాయి.

"రవిక లేదే?" అన్నాడు, కొట్టుకు వచ్చిన మనిషితో అన్నట్టు. ఇంకొంచెం లాగాడు. చెయ్యి ఆగిపోయింది.

స్టూలు దిగి, చుట్టూ చూశాడు. దూరంగా ఒక తోటమాలి పైపుతో నీళ్ళు పెడుతున్నాడు. మామ నా దగ్గరికి వచ్చి గొంతు బాగా తగ్గించాడు.

"ముఖం మీ అత్తది. ఒళ్ళెవురిది?"

అది ఎత్తిపొడుపు అనుకున్నాను. కాదని తెలియడానికి ఆయన ముఖం కాసేపు చూడాల్సి వచ్చింది. మామ నిజంగా తెలియక అడుగుతున్నాడు.

పేటలో వాళ్ళ ఇల్లు నాకు తెలుసు. మామ అమ్మానాన్నలు ఒక గదిలో, తమ్ముళ్ళు ఇంకో గదిలో, గోడకు చెవులున్న కాపురం. తెల్లవారుజామున అందరికంటే ముందు లేచి, వంటింటి తలుపు వెనక చీర మార్చుకున్న మనిషి మా అత్త. ఆ ఇంట్లో లైటు వెలుగుతుండగా ఎవరూ ఎవరినీ పూర్తిగా చూసే ఏర్పాటు లేదు. వాళ్ళకు పిల్లలు కలిగారు, పెళ్ళిళ్ళయ్యాయి. ఏర్పాటు మాత్రం మారలేదు. తన కొట్టుకు వచ్చే ఏ ఆడమనిషికైనా కొలత కళ్ళతోనే చెప్పేవాడు మామ. ఇంట్లో ఆ అవసరం రాలేదు.

నా నాలుక చివర జవాబు ఉంది. అది చెప్పాల్సింది నేను కాదు. నేను నీళ్ళు నములుతుంటే ఈవెంటు అమ్మాయి మా ఇద్దరి ముఖాలూ చూసి రక్షణకు వచ్చింది.

"అంకుల్, బాడీ మోడల్‌ది అయ్యుంటుంది. ఫేస్ ఒక్కటే ఆంటీది. ఆర్ట్‌లో అలా మిక్స్ చేస్తారండి."

మామ భుజాలు దిగాయి. అంత పెద్ద ఊరట నా కళ్ళముందే ఒక మనిషిలోకి దిగింది.

"అట్లనా? చూస్తివా, నేను బెదిరిపోతి." తర్వాత కోపం గుర్తొచ్చింది. "అయినా ఎవురో మోడలు ఒంటి మింద మా ఇంటామె తలకాయ పెట్టేదేంది పాపా? తలకాయ తీసెయ్. అది లేకుంటే ఎవురికీ కష్టం ఉండదు. ఏదో ఆర్టు అనుకోని పోతారు."

మా కాలేజీ మాస్టర్లందరూ ఇంత సూటిగా చెప్పి ఉంటే నాకు చదువు తొందరగా పూర్తయ్యేది.

"హెడ్ రిమూవబులా మ్యామ్?" అంది ఈవెంటు అమ్మాయి.

"అది సిమెంటు" అన్నాను. "జాడీ మూత కాదు."

"మెయింటెనెన్స్ వాళ్ళ దగ్గర టైల్స్ కట్ చేసే మెషీన్ ఉంది. చీఫ్ గెస్ట్ సార్ ఇంకా మారతహళ్ళి దాటలేదు. టైమ్ సరిపోతుంది."

తమాషాకు అంటోందనుకున్నాను. ఆమె వాకీటాకీలో చెప్పేసింది. కాసేపటికి నీలం యూనిఫాంలో ఒకతను కోత మిషనూ, పొడుగాటి వైరూ పట్టుకుని వచ్చాడు. ప్లగ్గు ఎక్కడుందని కన్నడంలో అడిగాడు. మామ చూపించాడు.

నేను బొమ్మకూ అతనికీ మధ్య నిలబడ్డాను. "ఇది నా బొమ్మ. నేను ఒప్పుకోను" అన్నాను. "నీ బొమ్మే పాపా, తలకాయ మాది" అన్నాడు మామ. తలకాయ ఎవరిదో ఆమె ఒప్పుకుంటేనే ఇది నిలబడాలని నేనే మాటిచ్చాను. అత్తకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. వెనకాల మిషను ఒకసారి గుర్రుమని ఆగింది. అతను బ్లేడు సరిచూసుకుంటున్నాడు.

"ఏం జరుగుతా ఉండాది ఈడ?"

ప్రార్థన మైదానంలో చివరి వరసకు వినబడే గొంతు. మిషను పట్టుకున్నతను అటెన్షన్‌లో నిలబడిపోయాడు. ట్రాఫిక్‌లో కారు వదిలేసి సర్వీసు రోడ్డు వెంట నడిచొచ్చిందట అత్త. పట్టుచీర అంచంతా దుమ్ము, ముఖమంతా చెమట.

"ఏం లేదు మే" అన్నాడు మామ. "ఎవురిదో ఒంటి మింద నీ తలకాయ పెట్టింది నీ మేనకోడలు. తీయిస్తా ఉండా. పక్కకి పో, దుమ్ము లేస్తాది."

అత్త నన్ను చూసింది. చెప్పలేదని నా ముఖం చూసి గ్రహించింది.

"అత్తా, నువ్వు వద్దంటే వద్దు" అన్నాను. "ఈ నిమిషమే మళ్ళీ చుట్టి లారీ ఎక్కించేస్తా."

ఆమె మామ వైపు చూసింది, సగం విప్పిన బొమ్మ వైపు చూసింది. ఆ అబద్ధం ఆమెకూ కనబడింది. పక్కనే వచ్చి ఆగిన ఖాళీ ఆటోలా ఉంది అది. ఎక్కి కూర్చుంటే చాలు, నేరుగా ఇంటి దగ్గర దింపుతుంది. ఎక్కుతుందనే అనుకున్నాను. ఎక్కితే తప్పుపట్టే హక్కు నాకు లేదు. ఆ ఇంటికి తిరిగి వెళ్ళాల్సింది ఆమె.

"ఒళ్ళెవురిది అనుకుంటివి బావా?" అంది. ఆయన ఆమెకు మేనమామ కొడుకు. చిన్నప్పటి పిలుపు అది.

"నాకేం తెలుసు? మోడలంట."

"మోడలు కాదు. నాదే."

మామ నవ్వాడు. "ఊరుకో మే, సుమ్నే ఉండు."

అత్త వెళ్ళి మిగతా ప్లాస్టిక్ తానే లాగడం మొదలుపెట్టింది. బుడగలు పటపట పగిలాయి. పొట్ట, నడుం మీది చేతులు, తొడలు, ఎడంగా వేసిన కాళ్ళు. ప్లాస్టిక్ కుప్పను కాలితో పక్కకు నెట్టి, బొమ్మ పక్కన నిలబడి, ఊపిరి తీసుకోవడానికి నడుం మీద చేతులు పెట్టుకుంది. కావాలని పెట్టుకోలేదు. ఇద్దరూ ఒకేలా మామను చూశారు.

మామ ఈమెను చూశాడు, ఆమెను చూశాడు, మళ్ళీ ఈమెను చూశాడు. నవ్వు ఎక్కడ పోయిందో తెలియదు.

"నాకు తెలీలేదే" అన్నాడు.

ఆ మాటతోపాటే ఆయనకు కోపం వచ్చి ఉంటే బాగుండేది. కోపం రావడానికి కొంత సమయం పట్టింది, ఆ సమయం చాలా కష్టంగా గడిచింది.

"నాకు చెప్పకుండా చేస్తివి" అన్నాడు చివరకు.

"రోజూ చెప్దామనే అనుకుంటి. చెప్తే వద్దంటావు. నువ్వు వద్దంటే నేను మానేస్తా, నా సంగతి నాకు తెలుసు. దానికే చెప్పలే."

"తీసెయ్‌మను."

"ఏం? బాగలేదా?"

మామ జేబులో ఫోన్ టింగుమంది. ఆయన దాన్ని బయటినుంచే గట్టిగా నొక్కి పట్టుకున్నాడు.

"బాగుండేది, బాగలేనిది కాదు మే. అందరూ చూస్తారు."

"చూడనీ."

"నేనే చూడలేదు గదా!"

గట్టిగానే అన్నాడు. తోటమాలి పైపు పట్టుకుని ఇటు తిరిగాడు. తన గొంతు తనకే వినబడి మామ తల దించుకున్నాడు.

"అదిగో ఉండాది" అంది అత్త, మెల్లగా. "ఇప్పుడు చూడు."

అంతలో ఈవెంటు అమ్మాయి వాకీటాకీ అరిచింది. చీఫ్ గెస్ట్ కారు గేటు దాటింది. "క్లాత్! అంకుల్, క్లాత్ ఇవ్వండి, ఫాస్ట్!" అని మామ చంకలోని సంచిలోంచి శాటిన్ చివర పట్టుకుని లాగింది. అది వెన్నలా జారాలి. జారలేదు. రెండో చివర మామ పిడికిట్లో ఉంది.

"వేసినాక ఎవురు లాగేది దీన్ని?" అని అడిగాడు.

"చీఫ్ గెస్ట్ సార్, అంకుల్. తాడు కట్టి లాగుతారు. అందరూ క్లాప్స్ కొడతారు."

"ఎవురో మగాయన వచ్చి మా ఇంటామె మింద గుడ్డ లాగేది, మీరు చప్పట్లు కొట్టేది?" మామ గొంతు లేచింది. "అది మాత్రం కుదర్దు. నా గుడ్డ ఇయ్యను."

నేను చదివిన స్త్రీవాద వ్యాసాల్లో ఏదీ ఆవిష్కరణ తాడు దాకా రాలేదు. మామ వచ్చాడు, పూర్తిగా తప్పు దారిలో. 'మా ఇంటామె' అనే దారిలో. నేను సవరించబోలేదు. కోత మిషను ఇంకా ప్లగ్గులోనే ఉంది.

"కప్పితేనే గదా లాగేది" అంది అత్త.

మామ ఆమె వైపు చూడకుండానే శాటిన్ మడత పెట్టడం మొదలుపెట్టాడు. గడ్డం కింద మధ్య మడత పట్టుకుని, అంచులు కలిపి, కొట్టులో మడిచినట్టే మడిచి సంచిలో పెట్టేశాడు. అత్త మిషను అతని వైపు చూసి ప్లగ్గు వైపు చెయ్యి చూపించింది. అతను వైరు చుట్టుకుంటూ వెళ్ళిపోయాడు. కమిటీకి ఏం చెప్పాలని ఈవెంటు అమ్మాయి నన్ను అడిగింది. మహిళా సాధికారత అని చెప్పమన్నాను.

చీఫ్ గెస్ట్ ఎవరో పెద్ద పదవిలో చేసి దిగిన మనిషి. లాగడానికి ఏమీ లేకపోవడంతో ఆయన చేతులు కాసేపు గాల్లో ఉండిపోయాయి. ఈవెంటు అమ్మాయి ఒక పూలకుండీ తెచ్చి ఆయన చేత దానికి నీళ్ళు పోయించింది. తర్వాత ఆయన బొమ్మ ముందుకు వచ్చారు. బొమ్మ ఆయన్ని చూసింది. ఆయన కోటు గుండీ పెట్టుకున్నారు. వెనక నిలబడ్డ కమిటీవాళ్ళలో ఇద్దరు ముగ్గురు తమకు తెలియకుండానే వరసలోకి సర్దుకున్నారు.

ఉపన్యాసాలు మొదలయ్యాయి. స్త్రీ అంటే భూమి అన్నారు ఎవరో. అత్త కుర్చీ కోసం చూసుకుంటూ మామ కనబడక నన్ను అడిగింది. ఇద్దరం వెతికాం. కుర్చీల్లో లేడు, గేటు దగ్గర లేడు. వెళ్ళిపోయాడేమోనని అత్త ముఖం మొదటిసారి పాలిపోయింది.

మామ బొమ్మ వెనక ఉన్నాడు. జనమంతా ముందువైపు ఉన్నారు గనక అక్కడ ఆయనొక్కడే. సంచి గడ్డి మీద పెట్టి, కొంచెం వంగి చూస్తున్నాడు. మమ్మల్ని చూసి నిటారుగా అయ్యాడు గానీ తప్పుకోలేదు.

"ఇదేంది?" అని అడిగాడు.

ఎడమ తొడ వెనక ఒక పొడుగాటి మచ్చ. ఉన్నది ఉన్నట్టు చేశాను. అది ఎలా వచ్చిందని నేనూ అడగలేదు.

"జావెలిన్" అంది అత్త. "పనికి చేరిన కొత్తలో. ఒక పిల్ల అడ్డంగా విసిరింది."

"నాకు చెప్పలేదే?"

"చెప్పింటే పని మాన్పించేసిందువు."

ముందువైపు చప్పట్లు వినబడ్డాయి, ఆగిపోయాయి. ఇంకో ఉపన్యాసం మొదలైంది.

"మాన్పించేసిందును" అన్నాడు.

అత్త చీర అంచుకు అంటిన దుమ్ము దులుపుకుంది.

"కుట్లు పడినాయా?"

"పడినాయి."

"యాడ నుంచి యాడ దాక?"

అత్త ఒకసారి నావైపు చూసింది. నేను రెండడుగులు వెనక్కి వేశాను. ఆమె పమిట చెంగు నడుముకు దోపుకుని, వంగి, సిమెంటు మీద వేలు పెట్టి చూపించడం మొదలుపెట్టింది.